మావయ్య పడవ, పది తెల్ల సీట్లు, నా ఇంజినీరింగ్ కెమిస్ట్రీ

ఈసారి మన పత్రికకి ఒక కథ ఇస్తానని ఎడిటర్‌కి మాట ఇచ్చాను. సంక్రాంతి సెలవుల్లో రాసేద్దాం అనుకున్నా. కానీ ఆ సెలవుల్లో పెన్ను పట్టే తీరిక దొరకలేదు, ఐదు రోజులూ చేతిలో బ్రష్షే ఉంది. మా మావయ్య పడవలో సీట్ల మరకలు వదిలించాను. చాలావరకు వదిలాయి, కొన్ని వదల్లేదు, ఒకటి మాత్రం నేనే కొత్తగా తెచ్చిపెట్టాను. కథ బదులు ఆ సంగతే రాస్తున్నా.

మీలో ఎవరికీ పడవ ఉండకపోవచ్చు. కానీ బైక్ సీటు ఉంటుంది, హాస్టల్ రూంలో చక్రాల కుర్చీ ఉంటుంది, ఇంట్లో కారు సీటో సోఫానో ఉంటుంది. మనం రెక్సిన్ అని పిలిచేవన్నీ దాదాపు ఒకే జాతి. అందుకే ఇది మీకూ పనికొస్తుంది.

పది సీట్లు, ఐదు రోజులు

మా అమ్మమ్మగారి ఊరు కోనసీమలో దిండికి దగ్గర. వశిష్ఠ గోదావరి అక్కడ సముద్రానికి చేరువై, వెడల్పుగా, తీరిగ్గా పోతుంది. మావయ్యకి పదిమంది కూర్చునే చిన్న ఇంజన్ పడవ ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. సీట్లన్నీ తెల్ల రెక్సిన్. తెలుపైతే ఎండలో మరీ కాలదు, ఫొటోల్లో బాగుంటుంది. మరక పడితే మాత్రం అవతలి ఒడ్డు నుంచి కూడా కనిపిస్తుంది.

వరదల రోజుల్లో పడవ ఒడ్డున టార్పాలిన్ కింద ఉంటుంది. కార్తీక మాసంలో వనభోజనాల వాళ్ళు ఎక్కుతారు. సంక్రాంతికి హైదరాబాద్, బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళు ఎక్కుతారు. ఏడాది సంపాదనలో పెద్ద భాగం ఆ పండగ నాలుగు రోజుల్లోనే వస్తుంది. నేను వెళ్ళేసరికి సీట్ల మీద వరదల బూజూ ఉంది, కార్తీక మాసం పులిహోరా ఉంది.

"ఏరా అల్లుడూ, ఇంజినీరింగ్ అంటున్నావ్ కదా. ఈ మరకలు పోతాయా, పోవా? కవర్లు మార్పించాలంటే కుట్టేవాడు సీటుకి 1,800 అడుగుతున్నాడు. పదింటికి ఎంత?"

"పద్దెనిమిది వేలు మావయ్యా."

"లెక్కలు బానే వచ్చు. ఇప్పుడు మరకల సంగతి చూడు. భోగి ముందు రోజు నుంచి బుకింగులున్నాయి."

చేతిలో ఐదు రోజులుంది. ఫస్టియర్ కెమిస్ట్రీలో పాలిమర్స్ యూనిట్ మీద పది మార్కుల ప్రశ్న రాసి పాసైనవాణ్ణి. ఆ ధైర్యంతో సరే అన్నాను.

మొదటి రోజు చేసిన మూడు తప్పులు

మొదటి తప్పు: కొబ్బరి పీచు, సబ్బు పొడి తీసుకుని ఒక సీటుని గిన్నె తోమినట్టు తోమాను. మురికి పోయింది. దాంతోపాటు మెరుపూ పోయింది. దగ్గరగా చూస్తే సన్నటి గీతలు. కొత్త మురికి ఇక నేరుగా ఆ గీతల్లో దూరి కూర్చుంటుంది.

రెండో తప్పు: ఇంకో సీటు మీద బాల్ పెన్ను గీత ఉంది. షెడ్డులో పెయింట్ థిన్నర్ కనిపిస్తే గుడ్డ ముంచి రుద్దాను. గీత కరిగింది. కరిగి అరచేయంత నీలి మచ్చ అయింది. రెక్సిన్ పైపొర కూడా మెత్తబడి, గుడ్డ పోగులు దానికే అంటుకున్నాయి. ఆరాక ఆ చోటు అట్టలా బిరుసెక్కింది. ఆ సీటుని ఇక దేవుడు కూడా బాగుచెయ్యలేడు.

మూడో తప్పు చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మెత్తలు రెండు ఊడదీసి పెరటి బాత్రూంలో పెట్టి, లిక్విడ్ బ్లీచ్ పోశాను. నల్ల మచ్చలు తగ్గాయి గానీ తుప్పు మరక అలాగే ఉంది. పక్కనే బాత్రూం కడిగే యాసిడ్ సీసా ఉంది. రెండూ కలిస్తే రెట్టింపు పని చేస్తాయనుకున్నా. నీళ్ళ మగ్గుతో మావయ్య రెండోవాడు చిన్ను నా పక్కనే నిలబడి ఉన్నాడు, ఎనిమిదో క్లాసు. యాసిడ్ పోసిన మరుక్షణం ముక్కులో సూదులు గుచ్చినట్టయింది. కళ్ళు మండాయి. చిన్ను దగ్గుతూ గోడకి ఆనుకుపోయాడు. అత్తయ్య పరిగెత్తుకొచ్చి ఇద్దర్నీ రెక్కలు పట్టుకుని బయటికి లాగింది.

"ఏం కలిపావురా లోపల?" అంది. నాకు నోట మాట రాలేదు.

అది క్లోరిన్. బ్లీచ్‌లో ఉండే సోడియం హైపోక్లోరైట్‌కి యాసిడ్ తగిలితే క్లోరిన్ వాయువు బయటికొస్తుంది. ఇంటర్‌లో నేను బ్యాలెన్స్ చేసిన సమీకరణమే. 1915 ఏప్రిల్ 22న మొదటి ప్రపంచ యుద్ధంలో ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం సిలిండర్ల నుంచి శత్రువుల మీదికి వదిలింది ఈ వాయువునే. నేను దాన్ని ఒక చిన్న వెంటిలేటర్ మాత్రమే ఉన్న బాత్రూంలో, ఎనిమిదో క్లాసు పిల్లాడి పక్కన తయారుచేశాను. చిన్నుకి ఆ సాయంత్రం దాకా దగ్గు తగ్గలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి చూపించాం. ఏమీ కాలేదు, అదృష్టం.

ఆ రాత్రి మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. నేను ఫోన్లో రసాయన శాస్త్రం చదువుతూ కూర్చున్నా, ఈసారి మార్కుల కోసం కాకుండా. ఇక్కడి నుంచి రాసేది ఆ రాత్రి చదివి, తర్వాత నాలుగు రోజులు చేసి చూసింది.

అసలు ఈ రెక్సిన్ ఏంటి?

మన బోరు పైపూ పడవ సీటూ ఒకే పదార్థం అంటే నమ్ముతారా? రెండూ పీవీసీయే. పీవీసీ దానంతటది గట్టిగా, పెళుసుగా ఉంటుంది. 1926లో అమెరికాలో బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీలో పనిచేసే వాల్డో సెమన్ అనే కెమిస్టు, పీవీసీని ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర మరిగే ద్రావకాలతో కలిపి వేడిచేసి చూశాడు. రబ్బరులా సాగే పదార్థం వచ్చింది. అలా కలిపే నూనెలాంటి పదార్థాన్ని ప్లాస్టిసైజర్ అంటాం. పాలిమర్ గొలుసుల మధ్య దూరి అవి ఒకదాని మీద ఒకటి జారేలా చేస్తుంది. మెత్తటి రెక్సిన్ బరువులో మూడో వంతు దాకా ఇదే ఉండొచ్చు.

ఇక్కడే కిటుకంతా ఉంది. ప్లాస్టిసైజర్ గొలుసులకి గట్టిగా కట్టేసి ఉండదు. ఎండకీ వేడికీ మెల్లగా బయటికి పోతుంది. పాత బైక్ సీట్లు పగుళ్ళిచ్చేది అందుకే. థిన్నర్, అసిటోన్, పెట్రోల్ లాంటివి దాన్ని ఒక్కసారిగా లాగేస్తాయి. నా సీటు అట్టలా అయిపోవడానికి కారణం అదే. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ నూనెలో కరిగే రంగులు దాన్ని పట్టుకుని నేరుగా రెక్సిన్ లోపలికి దిగిపోతాయి.

పడవ సీటులో మొత్తం నాలుగు పొరలుంటాయి. పైన పల్చటి రక్షణ పూత, దాని కింద పీవీసీ, దానికి వెనక గుడ్డ, అడుగున ఫోమ్. మరక ఏ పొరలో ఉందో తెలుసుకుంటే అది పోతుందో లేదో సగం తెలిసిపోయినట్టే. పైన కూర్చుందా, పీవీసీలోకి దిగిందా, లేక అడుగు నుంచి పైకొచ్చిందా? రెండో రోజు పొద్దున్నే ఒక తెల్ల కాగితం మీద పది సీట్ల బొమ్మ గీసి, ఒక్కో మరక పక్కన దాని పేరు రాసుకున్నా. అత్తయ్య పక్కన కూర్చుని, "ఇది పులిహోర, ఇది మేకు తుప్పు, ఇది ఆ కాలేజీ పిల్లల జీన్సు" అని చెప్తూ పోయింది. నా డిగ్రీ కంటే ఆవిడ జ్ఞాపకమే ఎక్కువ ఉపయోగపడింది.

ఏ మరకకి ఏ మందు

అన్నిటికంటే ముందు సబ్బు నీళ్ళు. బకెట్ గోరువెచ్చటి నీళ్ళలో రెండు చెంచాల గిన్నెలు కడిగే లిక్విడ్ చాలు. మెత్తటి బ్రష్ లేదా పాత బనీను గుడ్డ వాడాలి. సబ్బు నీళ్ళు పూసి పది నిమిషాలు వదిలేసి, తేలిగ్గా రుద్ది, తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. చెమట, దుమ్ము, జుట్టు నూనె, పక్షి రెట్ట ఇందులోనే పోయాయి. సగం సీట్లకి ఇంతకుమించి ఏమీ అక్కర్లేకపోయింది. ఏ కొత్త మందైనా ముందు సీటు అడుగున, కనిపించని చోట ఒక చుక్క వేసి చూడాలి. నేను మొదటి రోజు చెయ్యని పని ఇదే.

పులిహోర మరక మీద సబ్బు పూయగానే అది ఎర్రగా మారింది. నా గుండె ఆగినంత పనైంది. అత్తయ్య నవ్వింది. "పసుపులో సున్నం కలిపితే ఎర్రబడదా ఏంటి? కుంకుమ ఎలా చేస్తారనుకున్నావ్?" నిజమే. పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. సబ్బు కూడా క్షారమే. కడిగేస్తే మళ్ళీ పసుపు రంగుకొచ్చింది. కర్కుమిన్ నూనెలో కరుగుతుంది గనక రెక్సిన్‌లోకి కాస్త దిగుతుంది, సబ్బుతో పూర్తిగా పోదు. కానీ దానికి ఎండ పడదు. వెలుతురుకి ఆ అణువు విరిగిపోయి రంగు పోతుంది. పసుపు అంటిన చీరని అత్తయ్య ఎండలో ఆరేసేది అందుకే. మెత్తల్ని రెండు రోజులు ఎండలో పెట్టాం. మూడో రోజుకి వెతికినా మరక కనపడలేదు.

నల్ల చుక్కలు బూజువి. బూజు పీవీసీని తినలేదు. పైన ఉన్న చెమట, నూనె, మురికి తింటుంది, కొన్ని రకాల ప్లాస్టిసైజర్లనీ తింటుంది. దానికి కావాల్సింది తేమ. గాలాడని టార్పాలిన్ కింద వరదల కాలం అంతా అదే దొరికింది. ఆరుబయట మాస్కు కట్టుకుని, ముందు సబ్బు నీళ్ళతో కడిగాం. తర్వాత మెడికల్ షాపు హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడాం. సీసా మీద 6 శాతం అని ఉంటే సమానంగా నీళ్ళు కలిపితే 3 శాతం అవుతుంది. దాంట్లో గుడ్డ తడిపి మచ్చల మీద పది నిమిషాలు పరిచి, తుడిచేసి, ఇంకోసారి చేశాం. పెరాక్సైడ్ చివరికి నీళ్ళూ ఆక్సిజనూ అయిపోతుంది, వాసన ఉండదు. బ్లీచ్ కూడా బూజుని చంపుతుంది, కాదనను. కానీ తరచూ వాడితే పైపూతనీ కుట్టు దారాల్నీ బలహీనం చేస్తుంది. దారం తెగితే నీళ్ళు ఫోమ్‌లోకి దిగుతాయి, బూజు ఈసారి లోపలే కాపురం పెడుతుంది.

తుప్పు మరకలు స్క్రూల చుట్టూ ఉన్నాయి. మొదటి రోజు బ్లీచ్ వాటిని ఎందుకు ముట్టుకోలేదంటే, బ్లీచ్ చేసే పని ఆక్సీకరణం. తుప్పు అప్పటికే ఆక్సీకరణం చెందిన ఇనుము. దానికి కావాల్సింది ఇనుముని పట్టుకుని నీళ్ళలోకి లాగే ఆమ్లం. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, సరిగ్గా ఆ పనే చేస్తుంది. కప్పు నీళ్ళలో ఒక చెంచా కలిపి, గుడ్డ తడిపి పావుగంట పరిచాం. రెండు విడతల్లో పోయింది. ఆ పాత స్క్రూలు తీసేసి స్టెయిన్‌లెస్ స్టీలువి బిగించాం. లేకపోతే నెలకే మళ్ళీ వస్తాయి. నిమ్మ ఉప్పు కూడా ఆమ్లమే కాబట్టి బ్లీచ్ వాడిన రోజు దీన్ని బయటికి తియ్యకూడదు.

ఇంకో పెన్ను గీత మిగిలుంది. ఈసారి స్పిరిట్ వాడాను. శానిటైజర్ అయినా పర్లేదు, జిగురు లేనిదైతే మేలు. దూదికి కొంచెం అద్ది, గీత మీద ఒత్తి ఎత్తాలి. రుద్దకూడదు. ప్రతిసారీ దూది తిప్పి శుభ్రంగా ఉన్న వైపు వాడాలి, లేకపోతే నా నీలి మచ్చ కథే. స్పిరిట్ కూడా ప్లాస్టిసైజర్‌ని కొంత లాగుతుంది కాబట్టి నిమిషంలో పని ముగించి సబ్బు నీళ్ళతో తుడిచెయ్యాలి. గీత పోయింది, సీటు మిగిలింది.

జీన్స్ నీలం పెద్ద మొండిది. ఇండిగో నీళ్ళలో కరగదు. కొత్త జీన్స్ నుంచి రాపిడికి ఊడిన రంగు, ఎండకి వేడెక్కిన రెక్సిన్ మీద మనిషి బరువుతో గంటలకొద్దీ ఒత్తుకుంటే లోపలికి దిగుతుంది. ఆ రోజే తుడిచి ఉంటే పోయేది. నెలన్నర తర్వాత స్పిరిట్‌తో సగం పోయింది. మిగతా సగం లేత నీలి నీడలా ఉండిపోయింది. ఇంకా రుద్దితే నీడతో పాటు పైపూత కూడా పోతుందనిపించి ఆపేశాను. ఆపడం కూడా పనిలో భాగమే అని మొదటి రోజు నాకు తెలీదు.

మార్కెట్లో మ్యాజిక్ స్పాంజి అని అమ్మే తెల్ల స్పాంజి గురించి కూడా ఒక మాట. అది మెలమైన్ ఫోమ్. చేతికి మెత్తగా ఉంటుంది గానీ చేసేది సన్నటి గరుకు కాగితం పనే. మరకతో పాటు పైపూతని కూడా అరగదీస్తుంది. ఒక్కసారికి అద్భుతంలా కనిపిస్తుంది, తర్వాత అదే చోట మరకలు ఇంకా తొందరగా పడతాయి.

వదలని గులాబీ మరక

వెనక వరసలో ఒక సీటు మీద లేత గులాబీ మచ్చ ఉంది. అంచులు మసకగా, నీళ్ళలో రంగు చుక్క పాకినట్టు. అత్తయ్యకి కూడా అది ఏంటో తెలీలేదు. సబ్బు, పెరాక్సైడ్, నిమ్మ ఉప్పు, స్పిరిట్, ఎండ అన్నీ వేరువేరుగా, మధ్యలో కడుగుతూ రెండు రోజులు ప్రయత్నించాను. ఇసుమంత కదల్లేదు.

చదివితే తెలిసింది. అది పైనుంచి పడ్డ మరకే కాదు. తడిసిన ఫోమ్‌లోనో వెనక గుడ్డలోనో కొన్ని సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఎక్కువగా స్ట్రెప్టోమైసిస్ జాతి బ్యాక్టీరియా. అవి తయారుచేసే గులాబీ రంగు ప్లాస్టిసైజర్‌లో కరిగి, అడుగు నుంచి పైకి పాకుతుంది. మనం రుద్దేది పైన, రంగు వచ్చేది కింద నుంచి. ఈ మరక ఎంత మామూలంటే, వినైల్ దాన్ని ఎంతవరకు తట్టుకుంటుందో చూడ్డానికి ఏఎస్‌టీఎం వాళ్ళ దగ్గర ప్రత్యేకంగా ఒక ప్రామాణిక పరీక్షే ఉంది.

మావయ్యా నేనూ కలిసి ఆ కవర్ అడుగున పిన్నులు ఊడదీశాం. కమురు వాసన గుప్పుమంది. ఫోమ్ పిండితే నీళ్ళొచ్చాయి. కుట్టు దగ్గర దారం తెగి ఉంది, వానాకాలం అంతా నీళ్ళు అక్కడి నుంచే దిగాయి. "ఇది మరక కాదురా, రోగం" అన్నాడు మావయ్య. ఆ సీటుకి మందు లేదు, మార్చాల్సిందే.

పండగ ముందు రోజు లెక్క

పది సీట్లలో ఏడు తెల్లగా తేలాయి. వాటిలో ఒకటి నేను పీచుతో గీతలు పెట్టినది, దూరం నుంచి తెలీదు. ఒకటి లేత నీలి నీడతో ఉంది. గులాబీ సీటుకి ఫోమ్, కవర్ కొత్తవి వేయించాం. పదోది నేను థిన్నర్‌తో కాల్చినది.

"దాన్నీ మార్పిద్దాం మావయ్యా, డబ్బులు నేను ఇస్తా" అన్నాను. నా దగ్గర అంత లేదని ఆయనకీ తెలుసు.

"అక్కర్లేదు" అన్నాడు. ఆ మెత్త తీసుకెళ్ళి స్టీరింగ్ దగ్గర తన సీటులో బిగించి, తన సీటు మెత్త తెచ్చి ప్రయాణికుల వరసలో పెట్టాడు. "నేను దీని మీద కూర్చుంటే ఎవరికి కనిపిస్తుంది? నీ చదువు ఖర్చులో రాసుకున్నాలే."

కనుమ మర్నాడు నేను బయల్దేరే ముందు, పెరట్లో కొన్ని మార్పులు చూశాను. బాత్రూం యాసిడ్, బ్లీచ్ రెండూ ఇంటికి చెరో మూలకి వెళ్ళాయి. చిన్ను వాటి మీద స్కెచ్ పెన్నుతో "కలపరాదు" అని రాసి కాగితాలు అంటించాడు. పడవలో మెత్తలు రాత్రిపూట పడుకోబెట్టడం మానేసి అంచు మీద నిలబెడుతున్నారు, గాలి తగలడానికి. టార్పాలిన్ కింద రెండు వెదురు బద్దలు అడ్డంగా పెట్టారు, అది సీట్లని అంటకుండా.

మిత్రులారా, రేపు మీ బైక్ సీటు మీదో రూంలో కుర్చీ మీదో మరక కనిపిస్తే వెంటనే బ్రష్ తియ్యకండి. అది దేని మరక, ఎన్నాళ్ళైంది, పైన ఉందా లోపలికి దిగిందా అని ఒక్క నిమిషం చూడండి. సబ్బు నీళ్ళతో మొదలుపెట్టండి. ఒక మందు పూర్తిగా కడిగేశాకే ఇంకోటి ముట్టుకోండి. బ్లీచ్‌లో యాసిడ్ గానీ, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ గానీ, వెనిగర్ గానీ ఎప్పుడూ కలపకండి. పొరపాటున ఘాటు వాసన వస్తే కడుగుదాం, తుడుద్దాం అని అక్కడే నిలబడకుండా ముందు బయటికి రండి, పక్కనున్నవాళ్ళనీ లాక్కురండి. ఊపిరి ఇబ్బందిగా ఉంటే ఆసుపత్రికి వెళ్ళండి.

మొన్న ఫోన్ చేస్తే చిన్ను అడిగాడు. "బావా, కెమిస్ట్రీలో నీకు ఎన్ని మార్కులొచ్చాయ్?" చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అన్నొచ్చినా ఆ రోజు తెలీలేదా?" అన్నాడు.

ఎడిటర్ గారూ, కథ వచ్చే సంచికకి ఇస్తాను.